పన్నెండో మంచం ప్రయాణం

మా వార్డులో అందరూ ఆమెను చిన్న డాక్టరు అంటారు. స్పెషలిస్టు కోర్సు మధ్యలో ఓ ఏడాదిపాటు, వారానికి నాలుగు రోజులు రోగులను చూస్తూ రెండు రోజులు నాయకత్వ శిక్షణకు వెళ్లేందుకు ఎంపికైంది. ఉత్తరం వచ్చిన రోజు ఆమె కాళ్లు నేల మీద నిలవలేదు. నన్ను పట్టుకుని గిర్రున తిప్పేసింది. నేను హెడ్ నర్సును, యాభై నాలుగేళ్లదాన్ని. రెండు పడవల మీద కాళ్లెందుకమ్మా అన్నాను. వింటేగా!

శిక్షణలో భాగంగా వార్డులో ఏదో ఒకటి బాగుచేసి చూపించాలట. ఆమె మా పాత జబ్బునే పట్టుకుంది. పెద్ద డాక్టరు గారు ఇరవై ఏళ్లుగా రౌండ్లు ఒకటో మంచం నుంచే మొదలుపెడతారు. ఇంటికి వెళ్లేవాళ్లు చివరి మంచాల్లో ఉంటారు. వాళ్ల కాగితాల మీద సంతకం పడేసరికి మధ్యాహ్నం రెండవుతుంది. చివరి నుంచి మొదలుపెడదామని ఆమె ఆయన వెంట పది రోజులు పడింది. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. అయినా ఒక్క శుక్రవారం ఇచ్చారు. కుదరకపోతే మళ్లీ ఆ మాట ఎత్తకూడదన్నారు.

ఆ శుక్రవారం పన్నెండో మంచంలో ఒక ముసలి దర్జీ ఉన్నాడు. వాళ్ల ఊరి ఒంటిగంట బస్సు తప్పితే మళ్లీ సోమవారమే. తెల్లారకముందే గడ్డం గీసుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

చిన్న డాక్టరు మందుల గది నుంచి రికార్డుల గది దాకా అందరికీ చెప్పింది. నేల తుడిచే ఆయమ్మకు తప్ప. రౌండ్లు అటు చివరికి ఆలస్యంగా వస్తాయి కాబట్టి ఆయమ్మ రోజూ తొమ్మిదింటికి అక్కడే సబ్బునీళ్లు పోస్తుంది. పెద్ద డాక్టరు గారి కాలు జారింది. ఆయన్ను చిన్న డాక్టరు పట్టుకుంది, ఆమెను నేను పట్టుకున్నాను. ముగ్గురం సర్రున వెళ్లి పన్నెండో మంచానికి గుద్దుకున్నాం.

"నాకోసం ఇంత పరుగెత్తుకొచ్చారా?" అని దర్జీ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

పెద్ద డాక్టరు గారు ఒకటో మంచం నుంచే చూస్తానని చెప్పి, బూట్లు మార్చుకోవడానికి వెళ్లిపోయారు. చిన్న డాక్టరు ముఖం పాలిపోయింది. ఆయమ్మను తిడుతుందనుకున్నాను.

"మీకు చెప్పకపోవడం నా తప్పే. ఇప్పుడేం చేద్దాం?" అని ఆయమ్మనే అడిగింది.

"నిన్ననే అడిగుంటే చెప్పేదాన్ని," అంది ఆయమ్మ. "పెద్దాయన్ని మార్చడమెందుకమ్మా? మంచాలకి చక్రాలున్నాయిగా."

చిన్న డాక్టరూ నేనూ ముఖాలు చూసుకున్నాం. ఆ తర్వాత నవ్వు ఆగలేదు. ఒకటో మంచాన్ని ఇటు, కేస్ షీటుతో సహా పన్నెండో మంచాన్ని అటు నెట్టుకుంటూ పోయాం. దర్జీ పెళ్లికొడుకులా అందరికీ చెయ్యి ఊపాడు. పెద్ద డాక్టరు గారు యథాప్రకారం ఒకటో స్థానం దగ్గరికొచ్చి, దర్జీని చూసి, మమ్మల్ని చూసి, సంతకం పెట్టారు. బస్సు దొరికింది. ఆ రోజు నుంచి ఇంటికి వెళ్లేవాళ్ల మంచాలే పొద్దున్నే ఒకటో చోటికి చేరుతున్నాయి.

నెల తర్వాత శిక్షణ పెద్దలు వచ్చి, ఈ మార్పుకు నాయకత్వం ఎవరిదని అడిగారు. చిన్న డాక్టరు ఆయమ్మను పిలిచింది.

"నేల తడిగా ఉంది, అక్కడే ఆగమనండి," అంది ఆయమ్మ, తుడుపుకర్ర ఆపకుండానే.

పెద్ద డాక్టరు గారితో సహా అందరూ ఆగారు.