ఉత్తరానికి ముఖం పెట్టిన సైకిలు

దయ్యాలున్నాయని ఎవరైనా చెబితే, ఎన్ని గంటలకు చూశారు, ఎంత దూరంలో చూశారు, పక్కన ఇంకెవరున్నారు అని అడిగేవాణ్ణి. మూడో ప్రశ్నకి వచ్చేసరికి దయ్యం మాయమయ్యేది. నేను రాజమండ్రిలో ఒక కాలేజీకి హెడ్ గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. చేరిన నాటి నుంచి డైరీ రాయని రోజు లేదు. ఈ సంగతి కూడా అందులోంచే తీసి రాస్తున్నాను.

ఊళ్ళోకి సైకిళ్ళు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. మా కాలేజీలో మొదట కొన్నది లెక్కల మేష్టారు. దాన్ని చూడటానికి పిల్లలు తరగతులు వదిలి వచ్చేవారు. అందుకని మా ప్రిన్సిపాలు దొర గారు నన్ను నిబంధనలు రాయమన్నారు. గేటు దగ్గర దిగి నడిపించుకు రావాలి. వరండాల మీద తొక్కకూడదు. వెనక పెంకుటి సావిట్లో, ముందు చక్రం గేటు వైపు ఉండేలా నిలిపి, వెనక చక్రాన్ని స్తంభానికి గొలుసుతో బిగించి తాళం వెయ్యాలి. తాళంచెవి ఆఫీసులో ఇవ్వాలి.

సావిడి బాగోగులు చూసే బంట్రోతు పోలయ్య. యాభై దాటినవాడు, గోదావరి మీద పడవ నడిపిన కుటుంబం. అన్న వరదలో పోయాక ఏటిలో కాలు పెట్టనని ఒట్టేసుకుని ఈ కొలువులో చేరాడు. అతనికి నా నిబంధన నచ్చలేదు. గేటు దక్షిణాన ఉంది, నేల అటే వాలుగా ఉంటుంది. మేష్టారు అలా వెళ్ళగానే ఆఫీసులోంచి తాళంచెవి తెచ్చి, సైకిలుని ఉత్తరానికి తిప్పి, గొలుసు మీద కొబ్బరి తాడు కూడా కట్టేవాడు.

"ఏంటి పోలయ్యా, నా సైకిలు వరదకి కొట్టుకుపోద్దా?" అని మేష్టారు నవ్వేవారు.

"నవ్వండి బాబూ, నవ్వండి. పడవైనా బండైనా ఎగువకి మొగం పెట్టి కట్టాలండి. పల్లానికి చూసిందేదీ ఆగదండి."

ఎగువంటే మాకు ఉత్తరమే. పడవవాళ్ళందరూ అలాగే కడతారు. అతని అన్న ప్రాణం పోయింది కూడా ఎవరో దిగువకి ముఖం పెట్టి వదిలేసిన పడవని శ్రావణమాసపు వరదలో తిప్పి కట్టబోయే. శవం దొరకలేదు.

ఒక సాయంత్రం మేష్టారు ఆ తాడు కొస విప్పడం మరిచిపోయారు. అది చక్రంలో చుట్టుకుని గేటు బయట బోర్లాపడ్డారు. మోచెయ్యి చీరుకుపోయింది. దొర గారు పోలయ్యని పిలిపించి, ఇంకొకసారి సైకిలు ముట్టుకుంటే ఉద్యోగం ఉండదన్నారు. పోలయ్య నా బల్ల ముందు నిలబడి, "నన్ను మళ్ళీ పడవెక్కించకండి అయ్యగారూ, ఇక దాని జోలికెళ్ళను" అన్నాడు.

పది రోజులు వెళ్ళలేదు. పదకొండో రోజు మధ్యాహ్నం మేష్టారు వెళ్ళి చూస్తే సైకిలు ఉత్తరానికి తిరిగి ఉంది. తాడు కట్టి ఉంది.

పోలయ్య తను కాదన్నాడు. నేను నమ్మలేదు. కాని రుజువు లేకుండా రిపోర్టు రాసే అలవాటు నాకు లేదు. మేష్టారిని ఒక్కరోజు ఆగమన్నాను.

మర్నాడు బుధవారం. ఉదయం పదింటికి సైకిలు గేటు వైపు నిలిపించి, రెండు చక్రాల కిందా సుద్దముక్కతో గీతలు గీశాను. గొలుసు తాళం నేనే వేశాను. సావిడికి తలుపు ఒకటే, కిటికీ లేదు. తలుపు తాళం కూడా వేసి రెండు తాళంచెవులూ బొడ్లో దోపుకున్నాను. ఆ తలుపు నా బల్లకి ఎదురుగా కనిపిస్తుంది. పోలయ్యని నా పక్కనే కూర్చోబెట్టి పాత రిజిస్టర్లు కుట్టమన్నాను. ప్రతి పావుగంటకీ డైరీలో రాసుకున్నాను: 'తలుపు మూసి ఉంది. పోలయ్య ఇక్కడే.' అలా ఎనిమిది సార్లు. పదకొండున్నరకి కలం ముంచుకోవడానికి ఒకసారి తల దించాను. అది కూడా రాసి ఉంది.

పన్నెండింటికి మేష్టారు, నేను, పోలయ్య వెళ్ళి తలుపు తీశాం.

సుద్దగీతలు చెరగలేదు. సైకిలు వాటి మీద లేదు. ఉత్తరానికి తిరిగి ఉంది. గొలుసు స్తంభానికి ఉన్నది ఉన్నట్టే ఉంది, తాళం వేసే ఉంది. ఆ గొలుసు విప్పకుండా సైకిలు తిరగదు. తర్వాత మేష్టారూ నేనూ ప్రయత్నించి చూశాం. గొలుసు మీద కొబ్బరి తాడు కట్టి ఉంది. తడిగా ఉంది. ఏటి ఒండ్రు వాసన వేసింది.

నేను ముడి మీద చెయ్యి వెయ్యబోతే పోలయ్య ఆపాడు.

"ఇది నా ముడి కాదండి. నాది కుడికి తిరుగుద్ది. ఇది చూడండి, ఎడంచేతి వాటం." తర్వాత మాతో కాదు, ఆ ముడితో అన్నాడు: "అన్నా, ఇది పడవ కాదన్నా. నా నోటికాడ కూడు తియ్యకు."

ఆ ముడిని చూసినది చూసినట్టు డైరీలో బొమ్మ గీసుకున్నాను. తర్వాత తాడు పోలయ్యే విప్పాడు.

సాయంత్రం దొర గారు సంగతేమిటని అడిగారు. మేష్టారు నా వైపు చూశారు. జరిగింది చెబితే నాకు మతి పోయిందంటారు, పోలయ్యని పంపేస్తారు. ఆఫీసు రిజిస్టరులో నా చేత్తో రాశాను: 'నేల వాలు దృష్ట్యా సైకిలు తిప్పి కట్టి చూసినది హెడ్ గుమాస్తా. బంట్రోతు తప్పు లేదు.' రెండు రోజులకీ కలిపే రాశాను. దొర గారు నన్ను గట్టిగా మందలించారు. నా ఉద్యోగకాలంలో నేను రాసిన అబద్ధం అదొక్కటే. దాని పక్కనే నిబంధన కూడా మార్చాను: సైకిలు ముందు చక్రం ఉత్తరానికి ఉండవలెను.

ఆ తర్వాత తాడు కనిపించలేదు. పోలయ్య రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశాడు.

ఇప్పుడు ఆ సావిట్లో ముప్ఫై సైకిళ్ళు ఉంటాయట, అన్నీ ఉత్తరానికే. ఎందుకని కుర్రాళ్ళు అడిగితే పాత రూలంటారట. ఆ రూలు రాసినవాణ్ణి నేను. ఆ బుధవారం పేజీ ఎన్నోసార్లు తీసి చదివాను. ఎనిమిది సార్లూ తలుపు మూసే ఉంది. నేను తల దించింది ఒక్క క్షణం. అంతకు మించి నా దగ్గర లెక్క లేదు.