మా అక్క కొయ్యని చీర

మా అక్క తన మగ్గం మీది చీరను తన చేత్తోనే కోసి ఒక నాయకుడికి శాలువాగా కప్పిందని మా నేత సంఘం నెలపత్రికలో అచ్చువేశారు. అది అబద్ధం. కోసింది సంఘం కార్యదర్శి. నేను అక్కడే నిలబడి ఉన్నాను.

పత్రికంటే నాలుగు పేజీలు. ఎల్బీనగర్ చుట్టుపక్కల స్థిరపడ్డ నేత కుటుంబాలన్నిటికీ ఇంటింటికీ పంచుతారు. ఎగ్జిబిషన్ ఎక్కడ, అద్దకం క్లాసులు ఎప్పుడు, నూలు ధర ఎంత పెరిగింది, ఎవరింట్లో పెళ్లి, ఎవరు పోయారు, అన్నీ అందులోనే. నేను బడికి పోలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో మడతలు పెడుతూ, చీరల మధ్య పెట్టే పాత పేపర్లు కూడబలుక్కుంటూ అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. అచ్చులో ఉన్నది నిజమై తీరాలని అప్పటినుంచీ నాకొక మొండితనం.

అవి ఉద్యమం ఊపు మీదున్న రోజులు. రోడ్ల మీదే వంటలు, రోడ్ల మీదే భోజనాలు. ఏ పని చేసేవాళ్లు ఆ పనిని రోడ్డు మీదికి తెచ్చి నిరసన చెబుతున్నారు. మేము ఎల్బీనగర్ చౌరస్తాలో మగ్గం పెడదామనుకున్నాం. ఎవరి మగ్గం? మా అక్కదే. అల్మాస్‌గూడలో ఆమె ముందుగదిలోంచి దాన్ని విప్పి, పడుగు దారాలు చిక్కుపడకుండా కర్రకు చుట్టి, ట్రాలీ ఆటోలో తెచ్చి మళ్లీ బిగించాం. ఎవరూ బలవంతపెట్టలేదు. "తెలంగాణ కోసం నా మగ్గం గూడ రోడ్డెక్కుతది" అని ఆమే ముందుకొచ్చింది.

మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. ఏ పువ్వు ఎక్కడ పడాలో ముందే లెక్కగట్టి, దారాలకు ముడులేసి రంగులో ముంచిన పడుగు అది. మధ్యలో తెగితే మిగిలింది ఇంకే చీరకూ పనికిరాదు.

అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. మా ఇళ్లలో కొంగు నేయడం పూర్తయి, మగ్గానికి పసుపు కుంకుమ పెట్టాకే కత్తెర పట్టుకుంటాం. చీర సగంలో ఉండగా కోశారంటే నేసే మనిషి పోయినట్టు. మా నాయన పోయిన రోజు అలాగే కోశారు. అక్కా చూసింది, నేనూ చూశాను.

మధ్యాహ్నానికి నాయకుడొచ్చాడు. వెనకాలే టీవీవాళ్లు. శాలువా తేవడం అందరం మరిచిపోయామని అప్పుడు తేలింది. బట్టలు నేసేవాళ్ల సంఘం, కప్పడానికి ఒక గుడ్డ తేలేదు. కార్యదర్శి బ్యానర్లు కట్టే మనిషి చేతిలోంచి కత్తెర లాక్కుని మగ్గం దగ్గరికొచ్చాడు.

"అక్కా, జర లేవు. గజం ముక్క చాలు."

"తమ్మీ, చీర గది. ఇంక కొంగు గూడ పడలే."

"టీవీల ఒస్తదక్కా."

"టీవీల ఒద్దు, ఏడ ఒద్దు. ముందుగాల కత్తెర పక్కకు పెట్టు."

ఆమె గుడ్డ మీద చెయ్యి అడ్డం పెట్టింది. అతను ఆ చేతిని పక్కకు జరిపాడు. నేను అవతలి వైపు నుంచి వచ్చేలోపే కోసేశాడు. బిగువు పోయిన దారాలు కుప్పగా జారిపోయాయి. నాయకుడి భుజం మీద గుడ్డకు పోగులు వేలాడుతుంటే, "మేకతోక లెక్క ఏలాడుతుందేంది రా" అని వెనకనుంచి ఎవడో అన్నాడు. అందరూ నవ్వారు. మా అక్క మాత్రం పడుగు వైపే చూస్తూ కూర్చుంది.

పోనీ, తొందరలో చేసిన పని అనుకుని మింగేవాళ్లమేమో. మరుసటి నెల పత్రికలో ఆమె త్యాగమంటూ వేశారు. దుకాణంలో గల్లా మీదున్న ఆ కాగితం చదివి చైతన్యపురి నుంచి వచ్చే కోస్తా ఆవిడ, "మీ ఉద్యమం సంగతి నాకెందుకు గానీ, మీ అక్కగారిది గొప్ప మనసండీ" అంది. ఆమెకేం తెలుసు. తెలిసినవాళ్లు ఊరుకోలేదు. ఒక పెళ్లిలో మావాళ్లే అక్కను పట్టుకుని, "ఏంది వదినా, బతికుండంగనే కత్తెర ఏసుకున్నవంట?" అని ఎగతాళి చేశారు.

ఆ సాయంత్రం అక్క నాతో అంది: "కావాలంటే మగ్గమే ఇచ్చేస్తుంటి. నేను కోశిన అంటే మాత్రం ఒప్పుకోను. నేను కొయ్యలేదని గా పత్రికలనే ఒక్క ముక్క ఏయించు. అప్పటిదాంక నాడె పట్ట."

నిజంగానే ఆ నాడె పట్టి ఒక్క పోగు కూడా నేయలేదు. మగ్గం మీద దుప్పటి కప్పేసింది.

నేను కార్యదర్శి దగ్గరికి పోయాను. చాయ్ తెప్పించాడు. "ఇప్పుడు గది ఏస్తె ఉద్యమానికి చెడ్డపేరు గాదా అన్నా? రాష్ట్రం రానియ్, మొదటి పేజీల ఏద్దాం" అన్నాడు. ఉద్యమానికి చెడ్డపేరు తెచ్చేది నేనట. ఆ ఎండలో ఆ రోడ్డు మీద నేనూ కూర్చున్నాను, నాకు చెబుతున్నాడు. అయినా ఆగాను. మళ్లీ పోతే మళ్లీ చాయ్. అక్క అడగడం మానేసింది, దుప్పటి మాత్రం తియ్యలేదు.

రాష్ట్రం వచ్చింది. మిఠాయిలు పంచాం, నేనూ పంచాను. పండగ హడావుడి తగ్గాక కార్యదర్శి ఇంటికి పోయి, చాయ్ వద్దని చెప్పి, నిలబడే అడిగాను. మొదటి పేజీ అక్కర్లేదు, ఏ మూలనైనా సరే, ఒక్క వాక్యం చాలన్నాను. అతను నా భుజం మీద చెయ్యేసి గేటు దాకా వచ్చి అన్నాడు:

"అన్నా, గా గుడ్డ కప్పుకున్నాయన పార్టీ మారిండు. ఇప్పుడు ఆయన ముచ్చట మన పత్రికల ఒస్తె సంఘం బిల్డింగుకు సర్కారోళ్లు జాగ ఇయ్యరు. అక్కను ఇంకో చీర నెయ్యమను, దాని ఫోటో ఏద్దాం."