చుట్టలు తిరగని జావ

నేను ఎవరినీ ఊరికే నమ్మను. గొప్ప కోసం చెప్పడం లేదు, బీపీ ఉందని చెప్పినట్టే చెబుతున్నాను. గ్యాస్ సిలిండర్ వస్తే తూకం వేయించనిదే లోపలికి రానివ్వను. అబిడ్స్‌లో ఒక బడిలో ఇరవై ఎనిమిదేళ్లుగా తొమ్మిది, పది తరగతులకు ఫిజిక్స్ చెబుతున్నాను. ఎవరైనా ఒక లెక్క మరీ చక్కగా చేశారంటే, పక్కన కూర్చున్నవాళ్ల పేపరు కూడా తీసి చూస్తేగానీ నాకు మనసు నిలవదు. "నువ్వు పోలీసుల చేరాల్సింది, తప్పిపోయి టీచరువైనవ్" అని అక్క ఏడిపించేది.

అక్క నాకంటే ఏడేళ్లు పెద్దది. ఇద్దరమూ పెళ్లి ఊసెత్తకుండానే ఆ వయసు దాటించేశాం. నాంపల్లి స్టేషను వెనక రెండు గదుల ఫ్లాట్‌లో ఉంటాం. రెండేళ్ల కిందట వానాకాలంలో అక్కకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కాలూ పోయాయి. గుక్క తిప్పుకోకుండా మాట్లాడే మనిషికి నాలుగైదు మాటలు మిగిలాయి, అవీ ముక్కలుగా. అన్నిటికంటే పెద్ద దెబ్బ గొంతు మీద పడింది.

బషీర్‌బాగ్‌లో ఒక థెరపిస్టు ఉంది. పక్షవాతం వచ్చినవాళ్లకు మింగడం నేర్పిస్తుంది. ఆమె కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. మనం మింగేటప్పుడు ఊపిరి గొట్టం మీద ఒక మూత పడుతుంది. అక్కకు ఆ మూత ఆలస్యంగా పడుతోంది. నీళ్లు, టీ, మజ్జిగ లాంటి పలచటివి అది పడేలోపే ఊపిరితిత్తుల్లోకి జారిపోతాయి. చిక్కటివి మెల్లగా కదులుతాయి కాబట్టి మూతకు వ్యవధి దొరుకుతుంది. ఇంటికొచ్చిన నెలకే నాలుగు గుక్కల మజ్జిగ అటు వెళ్లి నిమోనియా అయింది. పదకొండు రోజులు దవాఖానలో ఉన్నాం. ఇంకోసారి ఇలా అయితే మా చేతుల్లో ఉండదని డాక్టరు వరండాలో నిలబెట్టి చెప్పాడు.

"ఏదిచ్చినా తేనె అంత చిక్కగా ఉండాలి. చెంచా వంచితే మెల్లగా జారాలి" అంది థెరపిస్టు. ఎంత మెల్లగా అని అడిగాను. అలవాటైతే తెలుస్తుంది మేడం అంది. నాకు ఒళ్లు మండింది. మా అక్క ప్రాణం ఒకరి అలవాటు మీద వదిలేయడానికి నేను సిద్ధంగా లేను.

అందుకే నా పరీక్ష నేనే పెట్టుకున్నాను. వడకట్టిన రాగి జావను గోరువెచ్చగా చల్లార్చి, చెంచాతో తీసి, పళ్లానికి బెత్తెడు ఎత్తు నుంచి సన్నని ధారగా వదలాలి. ధార పళ్లెం తాకేచోట చుట్టలు చుట్టలుగా తిరుగుతూ పేరుకోవాలి. అలా తిరిగితే అక్కకు పెట్టవచ్చు. నిటారుగా పడి పరుచుకుపోయిందంటే పనికిరాదు.

ధార ఎందుకు చుట్టలు తిరుగుతుందో ఏటా పిల్లలకు తేనెతో చూపిస్తాను. నీళ్ల ధార పళ్లెం తాకగానే నాలుగు వైపులా పారిపోతుంది, పైనుంచి వచ్చేదానికి చోటిచ్చేస్తుంది. చిక్కటి ద్రవం అంత తొందరగా జరగలేదు. కిందిది ఇంకా అక్కడే ఉండగా పైది వచ్చి దాని మీద పడుతుంది. కింద అడ్డు, పైన తోపుడు. మధ్యలో నిలువుగా నిలవలేక ధార ఒక పక్కకు ఒరుగుతుంది. ఒరిగినది మళ్లీ నిటారుగా లేచి ఇంకో పక్కకు ఒరగడం కంటే, ఆ వంపు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పోవడమే దానికి తేలిక. మేడ మీదినుంచి నేలకు తాడు వదిలితే చుట్టలు పడినట్టే. కుడికి తిరగాలా ఎడమకు తిరగాలా అన్న నియమం లేదు. "భూమి తిరుగుతది కదా టీచర్, అందుకే" అని ప్రతి ఏడూ ఒకరైనా లేచి అంటారు. భూమికి నా చెంచాతో పని లేదని కూర్చోబెడతాను. మొదట పొరపాటున ఎటు ఒరిగితే ఇక అటే తిరుగుతూ పోతుంది.

నేను బడికి వెళ్లాక అక్కను చూసుకోవడానికి ఒక ఆయాను పెట్టుకున్నాం. నలభై దాటిన మనిషి, నల్లగొండ వైపు పల్లె. నాట్లకూ కలుపులకూ వంగి వంగి నడుము పట్టేస్తే పట్నం వచ్చి, కాచిగూడలో కిరాయి గదిలో ఉంటోంది. నన్ను మేడం అనేది, అక్కను పెద్దమ్మ అనేది. రాగులను తైదలంటుంది. చుట్టల పరీక్ష చూపిస్తే నవ్వింది.

"గీ చుట్టలు సూసుడేంది మేడం? తైద జావ నాలిక మీద ఏసుకుంటె తెల్వదా?"

"నాలిక అబద్ధం చెప్తది. ధార చెప్పదు" అన్నాను. నాకు భలే నచ్చిందా మాట. మర్నాడు స్టాఫ్ రూములో కూడా చెప్పాను.

ఆమెది ఒక పద్ధతి ఉండేది. పెద్ద గిన్నెలో జావ మీద మూత పెట్టేసి, గరిటెతో చిన్న కటోరిలోకి కొంచెం తీసుకుని, అందులోంచి చెంచాతో తినిపించేది. అయిపోతే మళ్లీ గరిటెతో తీసుకునేది. రెండు గిన్నెలు ఎందుకని అడిగాను.

"ఎంగిలి చెంచ గా గిన్నెల ముంచొద్దు మేడం. పొద్దటి జావ మాపటిదాక ఉండాలె గద."

"రోగం మంచం కాడ ఎంగిలేంది!" అని కొట్టిపారేశాను. అసలు సంగతి అది కాదు. ఆ కటోరిలో ఏం కలుపుతోందో, ఎంత పారబోస్తోందో నాకెలా తెలుస్తుంది? రేపటినుంచి ఒకటే గిన్నె, ఒకటే చెంచా, తినగా మిగిలింది నేను వచ్చి చూసేదాకా కదిలించొద్దు అని హుకుం జారీ చేశాను. "మీ ఇష్టం మేడం" అంది.

వారం తిరక్కుండానే దొంగతనం బయటపడింది. అలా అనుకున్నాను. పొద్దున ఇద్దరం చూస్తుండగా ముచ్చటగా చుట్టలు తిరిగిన జావ, నేను సాయంత్రం బడి నుంచి వచ్చి చూస్తే నిటారుగా పడి పళ్లెమంతా పారింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. జావ చల్లారితే ఇంకా గట్టిపడాలి గానీ పలచబడదు. అంటే ఎవరో నీళ్లు పోశారు. ఇంట్లో లేవగలిగేది ఒక్కరే. ఎందుకు పోసిందో కూడా నేనే తేల్చేశాను. పలచగా ఉంటే గబగబా దిగుతుంది, పని తెమిలిపోతుంది, తర్వాత ఫోను చూసుకోవచ్చు.

నిలదీయకుండా నిఘా పెట్టాను. నీళ్ల సీసా మీద పెన్సిలు గీత గీశాను. పిండి డబ్బాలో మట్టం చూసుకున్నాను. ఒకరోజు భోజనం బెల్లు కొట్టగానే అబిడ్స్ నుంచి గబగబా నడిచొచ్చి, చెప్పులు చేతిలో పట్టుకుని మా తలుపు దగ్గరే చెవి పెట్టి నిలబడ్డాను. యాభై ఆరేళ్ల టీచరు, సొంత గుమ్మం ముందు! లోపల ఆయా వాళ్ల అత్త బర్రెను వెతకడానికి పోయి తానే తప్పిపోయిన కథ చెబుతోంది. అక్క ఒక పక్క మూతితో నవ్వుతోంది. మింగేటప్పుడు నవ్విస్తుందా అని అదొక నేరం రాసుకున్నాను. సీసా మీద గీత మాత్రం కదల్లేదు. కుళాయి నీళ్లు పోసి ఉంటుందిలే అనుకున్నాను.

ఒక శనివారం ఒంటిపూట బడి. మెట్లెక్కుతుండగానే అక్క దగ్గు వినపడింది. లోపలికి వెళ్లేసరికి అక్క మొహం కందిపోయి ఉంది. ఆయా ఆమెను ముందుకు వంచి పట్టుకుని వీపు నిమురుతోంది. పదకొండు రోజుల దవాఖాన కళ్లముందు తిరిగింది. దగ్గు సర్దుకున్నాక గిన్నె లాక్కుని, చెంచాతో పళ్లెంలోకి ధార వదిలాను. ఒక్క చుట్ట లేదు.

"ఇదేంది?"

"నేనేం కలపలే మేడం."

"నువ్వు కలపకుంటే నీళ్లు నడుసుకుంట వచ్చినయా?"

"నా బిడ్డ మీద ఒట్టు మేడం..."

"ఒట్లు నాకొద్దు. పొద్దున నీ ముందే చుట్టలు తిరిగింది. కండ్లున్నయ్ కదా, చూడు."

ఆమె చెంచా తీసుకుని తనూ ఒకసారి ధార వదిలి చూసింది. "పొద్దుగాల మంచిగనే ఉండె" అంది మెల్లగా. ఆ మొహంలో ఉన్నది అయోమయం. నేను దాన్ని దొరికిపోయిన మొహంగా చదువుకున్నాను. అక్క ఎడమ చెయ్యెత్తి "కా... కాదు" అంది. "నువ్వూకో అక్కా, నీకు తెల్వది" అన్నాను.

ఆయా అక్క మూతి తుడిచి, తువ్వాలు మడతపెట్టి, "పెద్దమ్మకు రెండింటికి గోలి ఉన్నది" అని చెప్పి సంచి తీసుకుని వెళ్లిపోయింది.

బడికి సెలవు పెట్టి నేనే తినిపించాను. మొదటి రోజు అక్క నా మొహం చూడకుండా తింది. రెండో రోజు సగం గిన్నె అయ్యాక దగ్గు మొదలైంది. దగ్గు తగ్గాక ధార వదిలాను. నిటారుగా పడింది.

ఇంట్లో మేమిద్దరమే. గిన్నె నా చేతిలోంచి కదల్లేదు. నిజం చెబుతున్నాను, అప్పుడు కూడా నా బుద్ధి మారలేదు. ఆయా వెళ్లిపోయింది కాబట్టి కొట్టు మీద పడ్డాను. రాగిపిండి కొన్న ఉస్మాన్‌గంజ్ దుకాణంవాడు ఏదో కలిపి ఉంటాడనుకున్నాను. అది తేల్చడానికే ఒకే జావను మూడు గిన్నెల్లో పోశాను. ఒకదాంట్లోంచి అక్కకు తినిపించాను. ఒకదాని మీద మూత పెట్టి వదిలేశాను. మూడోదాంట్లో, ఎందుకు తోచిందో, నా నోట్లో పెట్టుకున్న చెంచాతో కలిపాను.

అరగంట తర్వాత మూత పెట్టిన గిన్నెలో జావ పొద్దుటికంటే గట్టిగా, చక్కగా చుట్టలు తిరిగింది. అక్క తిన్నది పారిపోయింది. నేను ఎంగిలి చేసింది కూడా పారిపోయింది.

లాలాజలం పిండిని విడగొడుతుంది. అన్నం ఎక్కువసేపు నమిలితే తియ్యబడేది అందుకే. బయాలజీ టీచరు రానప్పుడు నేనే ఈ పాఠం రెండుసార్లు నోట్సు చెప్పాను. పిండిలోని పొడుగాటి గొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉంటేనే జావ చిక్కన. ఎంగిలి చెంచా ముంచిన ప్రతిసారీ ఆ గొలుసులు తెగుతాయి. చిక్కు విడిపోయాక ధార దేన్ని పట్టుకుని ఒరుగుతుంది, ఎలా తిరుగుతుంది? ధార అబద్ధం చెప్పలేదు. జావ పలచనైందని చెప్పింది, అంతే. ఎవరు చేశారో నేను కల్పించుకున్నాను. ఒకే గిన్నె, ఒకే చెంచా అని హుకుం జారీ చేసి, అక్క గొంతులోకి రోజూ పలచటి జావ పోయించింది నేను.

వెళ్లి అక్క మంచం మీద కూర్చున్నాను. "అక్కా, ఆమె నీళ్లు కలపలేదు" అన్నాను.

అక్క నోరు తిప్పుకుని, ఒక్కో అక్షరం లాగి, "చెప్... పిన... గద" అంది.

సీసా మీద గీత గీశాను, డబ్బా మట్టం చూశాను, తలుపుకు చెవి పెట్టాను. రోజంతా ఆ మంచం మీదే ఉండి అన్నీ చూస్తున్న మనిషిని ఒక్కసారి కూడా అడగలేదు. మాట పోయినంత మాత్రాన ఆమె కళ్లూ పోయాయని నాకెవరు చెప్పారు? ఏడ్చాను. అక్క ఎడమ చేత్తో నా వీపు మీద తట్టింది.

ఆదివారం పొద్దున పక్కింటామెను అక్క దగ్గర కూర్చోబెట్టి కాచిగూడ వెళ్లాను. ఆయా గుమ్మంలో కూర్చుని గోంగూర తుంచుతోంది. నిలబడే మొత్తం చెప్పాను. మూడు గిన్నెలు, లాలాజలం, గొలుసులు, అన్నీ. నా గొంతులో క్లాసులో చెప్పే ఉత్సాహం వచ్చేస్తుంటే నాకే సిగ్గేసింది. ఆమె ఒక్కో ఆకూ తుంచుతూ చివరిదాకా విన్నది.

"అంటె గా చెంచ చెప్తె నమ్మిన్రు. నేను చెప్తె నమ్మలే."

తప్పయిందన్నాను.

"వస్త. పెద్దమ్మ కోసం వస్త. గని నేను తినిపించంగ మీరు గా అర్రల ఉండొద్దు. తల్పు సందులకెళ్లి సూడొద్దు. మిగిలింది మీకు సూపియ్య, పారవోస్త. ఒప్పుకుంటెనే."

ఒప్పుకున్నాను. ఒప్పుకుని బస్సెక్కానో లేదో, దాచాల్సింది లేకపోతే చూడొద్దని ఎందుకంటుంది అన్న ఆలోచన వచ్చింది. వచ్చిందని చెప్పకపోతే ఈ రాతంతా దండగ.

పోయిన ఆదివారం నేను ఇంట్లోనే ఉన్నాను. ఆమె జావ గిన్నె, తన కటోరి పట్టుకుని గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. నేను వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. కాసేపటికి అక్క దగ్గింది. ఒక దగ్గు, ఇంకొకటి, తర్వాత ఆగకుండా. కాయలు కింద పడ్డా చూసుకోకుండా వెళ్లి తలుపు గొళ్లెం పట్టుకున్నాను. లోపల ఆయా, "ముంగటికి ఒంగున్రి పెద్దమ్మ... ఆ... తొందర లేదు..." అంటోంది. తోస్తే తెరుచుకునే తలుపే. నేను తోయలేదు. నమ్మి కాదు, మాటిచ్చినందుకు. దగ్గు తగ్గేదాకా గొళ్లెం మీద చెయ్యి అలాగే పెట్టుకుని బయటే నిలబడ్డాను.