పోటు లేని రోజు

ఈ ఉదయం మాత్ర వేసుకోకుండానే వంటింట్లోంచి బయటికి వచ్చేశాను. మరచిపోయి కాదు. కాఫీ గ్లాసు పక్కన అది నాకు కనబడుతూనే ఉంది. తల తేలికగా ఉంది, రాత్రి నిద్ర బాగా పట్టింది, కిటికీలోంచి చల్లని గాలి వస్తోంది. ఇంత బాగున్న మనిషికి ఇవాళ మందెందుకు అనిపించింది. అనిపించిన మరుక్షణమే ఆ వాదం నా సొంతం కాదని గుర్తుకు వచ్చింది. ఎన్నో ఏళ్ళ క్రితం చిక్కడపల్లిలో, ఒక పెద్దావిడ నోట విన్న వాదం అది. విని ఊరుకోలేదు. నలుగురి ముందూ దాన్ని ఖండించి గెలిచాను. ఆ గెలుపును తలుచుకున్నప్పుడల్లా ఈ వయసులోనూ నా చెవులు వేడెక్కుతాయి.

అది అరవై తొమ్మిదో సంవత్సరం. నాన్నగారి ఉద్యోగం వెంట బందరు నుంచి వచ్చిన మేము చిక్కడపల్లి సందులో ఒక పాత ఇంటి ముందు వాటాలో కిరాయికి ఉండేవాళ్ళం. వెనక వాటాలో ఇంటావిడ ఉండేది. ఆమెను నేను పెద్దమ్మ అనేదాన్ని, ఆమె మా అమ్మను చెల్లె అనేది. భర్త పోయాక ఆ ఇంటినీ, పెరట్లో జామచెట్టునూ, వచ్చే పోయే చుట్టాలనూ ఒంటి చేత్తో నెట్టుకొచ్చిన మనిషి. రెండు వాటాలకూ కలిపి వాకిట్లో ఒక్కటే నల్లా. తెల్లవారేసరికి అది ముందు పెద్దమనిషిలా గొంతు సవరించుకునేది, తరువాత రెండు మూడుసార్లు తుమ్మేది, ఆ పైన ఒక్కసారిగా విరుచుకుపడేది. ఆ చప్పుడు వినగానే పెద్దమ్మ కొంగు బిగించి వచ్చి, ముందు తన రాగి బిందె, తరువాత మా ఇత్తడి బిందె, ఆ తరువాత బకెట్లు, ఆ వరుస తప్పకుండా పట్టించేది. వరుస తప్పితే నాన్నగారికైనా సరే చీవాట్లు తప్పేవి కావు. "సారూ, జర ఆగుండ్రి, బకెట్ల వంతు ఇంక రాలే" అనేది. ఆయన గడ్డం మీద సబ్బు నురగతో అలాగే నిలబడి ఉండేవారు.

నేను నారాయణగూడలో డిగ్రీ చదువుతున్నాను. చదువుతున్నాను అనడం కంటే వాదిస్తున్నాను అనడం న్యాయం. ఏ విషయమిచ్చినా అనుకూలంగా అయినా ప్రతికూలంగా అయినా మాట్లాడగలనని నాకు పేరు. శాస్త్ర విజ్ఞానమంతా మాతృభాషలోనే బోధించాలన్న పక్షాన నిలబడి ఒక వెండిరంగు కప్పు గెలుచుకున్నాను. దాన్ని గూట్లో అలంకరించుకుందామనుకున్నాను గానీ మా అమ్మ అందులో ఇంగువ ముక్కలు దాచింది. ఆ ఏడు ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం పుణ్యమా అని కాలేజీలు నెలల తరబడి మూతపడ్డాయి. గోడలనిండా నినాదాలు. ఎవరు ఎక్కడివారన్న ప్రశ్న కూరగాయల బండి దగ్గర కూడా వినబడేది. మాటకు వేదిక కరువై, నేను ఇంట్లో వాళ్ళ మీదే సాధన చేస్తూ ఉండేదాన్ని.

ఆ రోజుల్లోనే పెద్దమ్మకు బిందె ఎత్తుతుండగా కళ్ళు తిరిగాయి. అశోక్‌నగర్‌లో ఇంటి ముందుగదినే దవాఖానాగా నడిపే డాక్టరుగారి దగ్గరికి నేనే రిక్షాలో తీసుకువెళ్ళాను. ఆయన ఆమె చేతికి పట్టీ చుట్టి, రబ్బరు బుడ్డి నొక్కి, పాదరసం ఎక్కడం చూసి, నావైపు తిరిగి, "బ్లడ్ ప్రెషర్ చాలా ఎక్కువగా ఉందమ్మా. రోజూ ఒక మాత్ర, మానకూడదు. అర్థమయ్యేలా చెప్పు" అన్నారు. అర్థమయ్యేలా చెప్పడమంటే నాకు అంతకంటే ఏం కావాలి? ఆ ఇంగ్లీషు మాటను అలాగే వదలడం నా సిద్ధాంతానికి విరుద్ధం. "పెద్దమ్మా, నీకు రక్తపోటు" అన్నాను, పత్రికల్లో చదివిన అచ్చమైన మాటను అందంగా పలుకుతూ. ఆమె కణతలు తడుముకుని, "పోటా? ఔ బిడ్డా, అప్పుడప్పుడు ఉంటది" అంది. నా తెలుగు ఫలించిందని మురిసిపోయాను.

కొద్దికాలానికే తెలిసింది, సీసాలో మాత్రలు పెద్దగా తరగడం లేదని. అడిగితే నవ్వేది. "నాకేమైంది బిడ్డా, గుండ్రాయి లెక్క ఉన్న. మంచిగున్న మనిషికి మందెందుకు?" అనేది. ఆ నవ్వును నేను మూర్ఖత్వమని నిర్ణయించాను. మూర్ఖత్వాన్ని తర్కంతో తొలగించవచ్చని మా కాలేజీలో అందరం నమ్మేవాళ్ళం.

ఒక ఆదివారం ఆమె ఇంటికి చుట్టాలు వచ్చారు. హైదర్‌గూడ నుంచి మరిది, ఆయన భార్య, మరో ఇద్దరు. అందరూ వాకిట్లో చాపల మీద కూర్చుని మిర్చి బజ్జీలు తింటున్నారు. ఆ ఇంట్లో ఆమె మాటకు ఎదురుండదు, అందరికీ ఆమే పెద్ద. అటువంటి చోట నేను సీసా తెచ్చి చాప మీద పెట్టాను. "పెద్దమ్మా, నిన్న మాత్ర వేసుకున్నావా? మొన్న? డాక్టరు అబద్ధం చెప్పాడంటావా? చెప్పలేదంటే, వేసుకోకపోవడం తెలిసి చేస్తున్న తప్పని ఒప్పుకుంటావా?" అంటూ ఒక ప్రశ్నలోంచి తప్పించుకుంటే మరో ప్రశ్నలో పడేలా, కప్పు గెలిచిన పద్ధతిలోనే సాగించాను. ఆమె ఒకసారి, "పోటు లేంది..." అని ఏదో మొదలుపెట్టింది. "అది సమాధానం కాదు" అని నేను అడ్డం వచ్చాను. ప్రత్యర్థిని వాక్యం పూర్తిచేయనివ్వకూడదన్నది మా విద్యలో మొదటి పాఠం.

ఆమె మరిది బజ్జీ చేతిలో పట్టుకుని పడీపడీ నవ్వాడు. "వదినే, మీ ఇంట్ల వకీలమ్మ కిరాయికి దిగిందని చెప్పకపోతివి! ఆంధ్రోళ్ళ పిల్లకు మాటలకేం కరువు? నువ్వు ఓడిపోయినవు పో!" అన్నాడు. అందరూ నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు. కొంగు తల మీదికి లాక్కుని, సీసా తీసి ఒళ్ళో పెట్టుకుని, "ఏసుకుంట బిడ్డా. ఏసుకుంట" అంది. అంత చిన్న గొంతు ఆమెకు ఉందని నాకు అంతవరకు తెలియదు. లోపలికి రాగానే మా అమ్మ కవ్వం ఆపి నా ముఖంలోకి చూసింది. "గెలిచావు గదుటే. రేపు ఆవిడ ముందు నల్లా దగ్గర ఏ మొహంతో నుంచుంటాను?" అంది. నాకు కోపం వచ్చింది. సత్యం పలికితే మొహాల సంగతి ఎందుకని అడిగాను.

ఆ తరువాత నేను అడిగినప్పుడల్లా పెద్దమ్మ, "ఏసుకున్న" అనేది. నేను సంతృప్తిపడేదాన్ని. సీసా మాత్రం మళ్ళీ నా కంటపడలేదు.

వానాకాలం మొదట్లో ఒక ఉదయం నల్లా వచ్చింది, రాగి బిందె నిండింది, పొర్లింది. పొర్లుతూనే ఉంది. ఆమె వాకిట్లో నీళ్ళు వృథా అయిన రోజు మేమెవ్వరం ఎరగం. మా అమ్మ కేక విని పరుగెత్తాను. పెద్దమ్మ నల్లా పక్కన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కుడిచెయ్యి నీళ్ళలో తడుస్తున్నా లాక్కోవడం లేదు. నోరు కొద్దిగా పక్కకు జారింది. నన్ను చూసి ఏదో చెప్పబోయింది, మాట ముద్దగా వచ్చింది. అశోక్‌నగర్ ఎంత దూరమని! ఆ రిక్షా ఎప్పటికీ చేరదనిపించింది. డాక్టరుగారు పట్టీ చుట్టి చూసి, "మాత్రలు వాడటం లేదా?" అని నన్నే గద్దించారు. నేను నోరు తెరిచేలోపు ఆమె, తడబడే నాలుకతోనే, "పోటు లేకుండె సారూ" అంది. ఆయనకు అర్థం కాలేదు. సూది మందు తీయడానికి వెళ్ళిపోయారు. ఆమె ఆ రోజు వాకిట్లో మొదలుపెట్టి, నేను తుంచేసిన వాక్యం అదేనని నాకు మాత్రం అర్థమైంది.

ప్రాణం దక్కింది. రోజులు గడిచేకొద్దీ మాటలో మడత విడిపోయింది, చెయ్యి సగం తిరిగివచ్చింది. ఒక మధ్యాహ్నం ఆమె మంచం పక్కన కూర్చుని, జవాబు ముందే తెలియని ప్రశ్నను నా జీవితంలో మొదటిసారి అడిగాను. "పెద్దమ్మా, పోటు అంటే ఏంటి?"

"గదేంది బిడ్డా, నువ్వే చెప్పి నన్నడుగుతవ్? తలల పోట్లు పొడుస్తయ్ చూడు, పంటిపోటు లెక్క. రక్తంల పోటంటివి. పొడిచిననాడు మందు ఏసుకున్న. పొడవనినాడు ఏసుకుంటే మందు ఖరాబు గాదా?"

నేను పుట్టిన బందరులో పోటంటే సముద్రం. పోటు వచ్చిందంటే నీరు నిశ్శబ్దంగా పెరిగి, కాలవల్లోకి ఎగదన్నుతుంది. ఎవరికీ నొప్పి పుట్టదు. సముద్రం మొహం చూడని మనిషికి నేను సముద్రపు మాట ఇచ్చాను. ఆమె దాన్ని తనకు తెలిసిన నొప్పిగా అందుకుంది. ఇచ్చిన మాట ఏ అర్థంతో చేరిందో చూసుకోవాలని నాకు తోచలేదు.

"మరి అప్పుడే నన్ను ఎందుకడగలేదు?" అన్నాను.

ఆమె ఎడమచేత్తో కొంగు తల మీదికి లాక్కుంది. "నలుగుర్ల నిలబెట్టి అడిగితివి. మల్ల నాకు సమజ్ గాలేదంటే ఇంకేమంటవో అని... సిగ్గయింది బిడ్డా." ఆ మాట అని, సిగ్గుపడవలసింది తానేనన్నట్టు ముఖం గోడవైపు తిప్పుకుంది.

గుమ్మంలోంచి వాకిట్లో కారుతున్న నల్లా కనబడి, చెప్పాను. నెత్తురు కూడా గొట్టాల్లోనే పారుతుందని, నల్లా మరీ విసురుగా వచ్చిన రోజు పాత పైపు చీలినట్టే ఒంట్లోనూ జరుగుతుందని. ఆమె చటుక్కున ఇటు తిరిగింది. "జోరా! నెత్తురు జోరు మీదున్నది అనరాదు మరి! పైపుకు నొప్పి లేస్తదా? సప్పుడు లేకుండ పలుగుతది. రోజు నల్లా వస్తది, రోజు జోరే. రోజు గోలి!" అని తానే తీర్పు చెప్పేసింది. మాతృభాషకై వాదించిన నాకు, ఎవరి మాతృభాష అన్న ప్రశ్న అప్పటిదాకా తట్టనే లేదు.

మరునాటి నుంచి అదే పద్ధతి. మా అమ్మ ఇంగువ ఖాళీ చేసి కప్పు నాకిచ్చింది. అందులో మాత్రలు పోసి నల్లా పైన గూట్లో పెట్టాను. నల్లా తుమ్మగానే పెద్దమ్మ ఎడమచేత్తో గోలి తీసుకుని, మొదటి దోసిలి నీళ్ళతో మింగి, ఆ తరువాతే బిందె పెట్టించేది. ఇంగువ వాసన పోలేదు. ఆమె గోలికి అది మంచిదే అనేది. నల్లా రాని రోజు మాత్రం పరేషాన్ అయి, "చెల్లె, ఇయ్యాల నీళ్ళు రాలే, గోలి ఏసుకోవాల్నా వద్దా?" అని గోడ అవతలి నుంచి కేక పెట్టేది. నేను వాదించకుండా చెంబుతో నీళ్ళు పట్టుకెళ్ళేదాన్ని. ఆమె మింగేవరకు నిలబడేదాన్ని, ఏమీ అడగకుండా. తరువాత చాలా ఏళ్ళు బతికింది. ఆ ఆదివారం సంగతి ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

ఇప్పుడు మా ఇంట్లో నీళ్ళు మిద్దె మీది ట్యాంకు నుంచి వస్తాయి. ఏ వేళ తిప్పినా ఒకే ధారగా, మర్యాదగా. వంటింట్లోకి వెనక్కి వెళ్ళి మాత్ర చేతిలోకి తీసుకున్నాను. కుళాయి తిప్పి, రాని తుమ్ము కోసం ఒక క్షణం ఆగి, మొదటి దోసిలితో మింగాను. నల్లాకు వేళంటూ లేని కాలం వచ్చింది. సిగ్గు మాత్రం ఇప్పటికీ ఆ పాత వేళకే వస్తోంది.