మాస్టారి జానెడు

బరంపురం బడా బజార్‌లో రంగులమ్మే పాత కొట్టు ఒకటుంది. పోయిన శనివారం అక్కడ నిలబడి అరకిలో జేగురు, చిన్న సీసాడు అవిసె నూనె అడిగాను. కొట్టతను పొడిని కాగితంలో పోస్తుంటే ఎర్రటి దుమ్ము లేచింది. పక్కనే నూనె డబ్బా మూత తీశాడు. ఆ రెండు వాసనలూ కలిసి ముక్కుకి తగిలేసరికి మా మాస్టారి చేతులు గుర్తొచ్చాయి. "గుడి గోడకా అమ్మా?" అన్నాడతను. కాదు, మా వీధి గోడకి అన్నాను. "ఏటి రాస్తారు గోడ మీద?" అన్నాడు. మర్నాడు ఆదివారం నేను గంజాంలో మా పాత వీధికి వెళ్లి, చనిపోయిన మా మాస్టారు గీసిన వరద గీతల్ని కొత్తగా పూత పూసిన గోడ మీద మళ్లీ గీయాలి. ఎక్కడ గీయాలో నాకు తెలుసు. ఒక చోటు కాదు, రెండు చోట్లు తెలుసు. అదే నా ప్రాణం తీస్తోంది.

మా వీధి పాత గంజాంలో, ఋషికుల్య ఒడ్డున ఉంది. ఒకప్పుడు ఓడలొచ్చిన ఊరట. ఇప్పుడు మిగిలింది కూలిన కోట గోడ, తాళం పడిన ఉప్పు గిడ్డంగి, రేవు మెట్లు, ఎదురుబొదురు అరుగులున్న పెంకుటిళ్లు. ఆ అరుగు మీద ఒడియాలో తిట్టుకుంటే ఈ అరుగు మీంచి తెలుగులో తగువు తీర్చేవాళ్లు. ఎవరింట్లో ఏం కూరో వీధి చివరిదాకా తెలిసిపోయేది, పొడంపేట నుంచి చేపల బుట్టలొచ్చిన రోజు ఇక చెప్పనే అక్కర్లేదు. బరంపురంలో మూడో అంతస్తులో, పక్కింటివాళ్ల పేరైనా తెలియకుండా బతుకుతున్న నేను ఆ వీధిని తలుచుకుని తెగ మురిసిపోతుంటాను. వానలు ముదిరిన ఏడు ఆ ఏరు మా గుమ్మాల్లోకి వచ్చేసేదన్న సంగతి మాత్రం అప్పుడు గుర్తు రాదు. మావన్నీ మట్టిగోడల ఇళ్లు. ఇంట్లో ఉండాలా, అన్నీ వదిలి బడి దగ్గరి మెరకకి పోవాలా అన్నది తేల్చుకోవడానికి మాకున్న ఆధారం ఒక్కటే, జగన్నాథం మాస్టారి గోడ.

ఏటివైపు మొదటి ఇల్లు ఆయనది. ఇటుకలతో కట్టిన ఇల్లు వీధి మొత్తానికి అదొక్కటే. అరుగు వెనక గోడ మీద జేగురు గీతలు, ఒక్కో గీత పక్కన ఆ వరద వచ్చిన ఏడు. మా ఇళ్లన్నిటికీ వెనక గదిలో చెక్క అటక ఉంటుంది, ఎత్తు ఇంచుమించు అన్నిటిదీ ఒకటే. బియ్యం బస్తాలతో సహా అటకెక్కి వరద తీసేదాకా అక్కడే కూర్చోవడం వెనకటి రోజుల్లో అలవాటట. మాస్టారి గోడ మీది పెద్ద గీత మాత్రం అటక కన్నా ఎనిమిది వేళ్లు పైన ఉండేది. ఆ గీత చూసినవాళ్లెవరికీ అటకెక్కాలన్న ఆలోచనే పుట్టదు. "అటకెక్కితే ఎలకల్లాగ ములిగిపోతాం, బేగి నడండర్రా బడికి," అని మా నాన్నమ్మ అందరికన్నా ముందు మూట కట్టేది.

మాస్టారు మా బడిలో లెక్కలు చెప్పేవారు. మనిషి పొట్టి, చేతులు మాత్రం ఇంతింత. వేరే ఎవరివో తెచ్చి తగిలించుకున్నట్టుండేవి. స్కేలు లేకపోతే బొటనవేలూ చిటికెనవేలూ చాచి జానెళ్లతో కొలిచేవారు. తర్వాత స్కేలు పెట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. నేను ఆరో తరగతిలో ఉండగా రేవు మెట్లన్నిటి ఎత్తూ కొలిచి రాసుకురమ్మన్నారు. రాసుకెళ్లాను. ఆయన కాగితం చూసి, కళ్లజోడు పైనుంచి నన్ను చూశారు.

"ఏటే మణీ, కింది మూడు మెట్లు నీటిలో ఉన్నాయి కదా. అవెలాగ కొలిసావు?"

"అన్నీ ఒకేలా ఉంటాయి కదండీ…"

"అందుకని?"

"రాసేశానండీ."

కొట్టలేదు, తిట్టలేదు. ఏరు తీసేదాకా ఆగి, ఒకరోజు నన్ను మోకాలి లోతు నీళ్లలోకి దింపారు. ఆ మూడింట్లో ఒక మెట్టు సగం కొట్టుకుపోయి ఉంది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. "సూసావా? కొలవనిది రాయకు. తెలీదని రాయి. తెలీదని రాస్తే పరువు పోద్ది, అంతే. తప్పు కొలత రాస్తే మనిషి పోతాడు," అన్నారు. ఇవాళ నేను రోడ్లకీ వంతెనలకీ కొలతలు తీసే ఇంజనీర్నయ్యానంటే ఆ మోకాలి లోతు నీళ్లే కారణం. ఉద్యోగంలో చేరాక ఎందరో సర్దుకుపొమ్మన్నారు, ఒక అంకె అటూ ఇటూ చేస్తే ఏం పోయిందన్నారు. నేను చెయ్యలేదు. ఈ మొండి పిల్లతో వేగలేమని నన్ను రెండుసార్లు బదిలీ చేశారు కూడా.

మరుసటి ఏడు వరద వచ్చింది. మూడు రోజులు వీధి వీధంతా బడిలోనే ఉన్నాం. నీరు తీయగానే మాస్టారు అందరికన్నా ముందు, ఒక్కరే వెళ్లిపోయారు. మేం వెళ్లేసరికి ఆయన గోడ కడిగి, సున్నం కొట్టి, గీత గీసేసి అరుగు మీద కూర్చున్నారు. చేతుల నిండా జేగురు. మా నాన్నమ్మకి ఎవరినైనా నిలదీయడం సరదా. "మా ఇంట్లో బురద మరక కిందనే ఉంది, మీ గీతేటి మాస్టారూ అంతెత్తుంది?" అంది. "మీ అరుగు ఎత్తు కదా అప్పా," అన్నారాయన తాపీగా. "అదీ నిజమే," అని నాన్నమ్మ చీపురు పట్టుకుంది. మాస్టారి కొలతని అనుమానించినందుకు ఆ రోజంతా నేను నాన్నమ్మతో మాట్లాడలేదు.

ఆయన పోయి కొన్నేళ్లయింది. ఆ ఇంట్లో ఇప్పుడు ఆయన చెల్లెలు చిట్టత్త ఒక్కతే ఉంటుంది. రెండు నెలల క్రితం ఫోను చేసింది. "గోడ ఉప్పు పట్టి పెచ్చులూడిపోతంది మణీ. సిమెంటు పూయిస్తన్నాను. అరుగు కూడా ఎత్తు సేయిస్తన్నాను. గీతలు పోతాయి కదా, నువ్వొచ్చి కొలతలు తీసుకో. పూత ఆరాక మల్లీ నువ్వే గీయాల," అంది. నాకెంత గర్వమేసిందో చెప్పలేను. సెలవు పెట్టి వెళ్లాను. అరుగే మారిపోతుంటే కింద నుంచి కొలిచి లాభం లేదు. అందుకని ఎదురుగా ఉన్న ఉప్పు గిడ్డంగి రాతిగోడ మీద ఆ ఎత్తులు గుర్తు పెట్టుకుందామనుకున్నాను. తాపీమేస్త్రీ దండపాణి నీళ్లు నింపిన గొట్టం తెచ్చాడు. గొట్టం రెండు కొసల్లోనూ నీరు ఒకే మట్టంలో నిలుస్తుంది కాబట్టి ఈ గోడ మీది ఎత్తు ఆ గోడ మీద ఎక్కడికొస్తుందో తెలిసిపోతుంది.

మేం కొలుస్తుంటే పక్కింటి కోడలు పార్వతి వచ్చి చూస్తూ నిలబడింది. వాళ్లది ఇప్పటికీ మట్టిగోడల ఇల్లే, అత్తగారికి కాళ్లు పడిపోయాయి. "అక్కా, ఆ పెద్ద గీత నిజమేనా?" అనడిగింది. "నీరు అంతెత్తు రాదంటే మా అత్తని అటకెక్కించీసి ఊరుకుందును. బడిదాకా మొయ్యలేక మా ఆయన నడుం ఇరుగుతంది." నాకు ఒళ్లు మండిపోయింది. "మాస్టారి కొలతకి వంక పెడతావా? దేవుడు దిగొచ్చినా ఆ గీత కదలదు," అని కసిరాను. పాపం, ఆ పిల్ల నవ్వి ఊరుకుంది.

బయటి గోడ మీద గుర్తులు వానకి చెరిగిపోతాయని గిడ్డంగి తాళం పగలగొట్టించాం. లోపల ఎన్నేళ్లుగానో ఎవరూ కడగలేదు, సున్నం కొట్టలేదు. గోడ చుట్టూ రెండు బురద మరకలు ఎండిపోయి ఉన్నాయి. పైది పెద్ద గీత నాటి వరదది, కిందది నేను చూసిన వరదది. దండపాణి గొట్టం పట్టుకుని మాస్టారి పెద్ద గీత మట్టాన్ని లోపలి గోడకి తెచ్చి బొగ్గుతో గీశాడు. "ఠిక్ నుహె, దీదీ," అన్నాడు మెల్లిగా, సరిగ్గా లేదని. అతని బొగ్గు గీత పైనెక్కడో ఉంది, బురద మరక కిందెక్కడో ఉంది. గొట్టంలో గాలి బుడగ చేరిందేమో అన్నాను. నీళ్లు పారబోసి మళ్లీ నింపాం. అంతే తేడా. చిన్న గీతకీ కొలిచాం. దానికీ అంతే తేడా. ఆ మధ్య దూరం మీద చెయ్యి చాచాను, రెండు వేళ్లు చాలలేదు. జానెడు. నాది కాదు, మాస్టారిది.

తప్పు చేస్తే ఒకచోట చేస్తారు. రెండు గీతలకీ సరిగ్గా ఒకే తేడా వచ్చిందంటే అది తప్పు కాదు, కావాలని చేసిన పని. మూడు మెట్లు ఊహించి రాశానని నన్ను నీళ్లలోకి దింపిన మనిషి, ఊరందరి కళ్లముందూ గోడ మీద అబద్ధం గీసి, దాని కిందే కూర్చుని నాకు నిజం చెప్పడం నేర్పారా! నన్నెవరో నడివీధిలో చెంపదెబ్బ కొట్టినట్టయింది. గబగబా వీధి దాటి వెళ్లి చిట్టత్త ముందు నిలబడ్డాను. "మాస్టారు ఎందుకిలా చేశారు?" అన్నాను కోపంగా. చిట్టత్త బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. "తెలిసిపోయిందేటి," అంది.

మాస్టారి భార్య మహలక్ష్మమ్మ నేను పుట్టకముందే ఏట్లో పోయిందని మా అందరికీ తెలుసు. ఏట్లో కాదట.

"అప్పుడు మాదీ మట్టిగోడల ఇల్లే. అన్నయ్య అంతకుముందు వరదలన్నీ నిజంగా కొలిసి గీసేవోడు, సూదంత తేడా ఉండేది కాదు. ఆ పెద్ద వరద ఏడు పరీక్ష కాయితాలు దిద్దడానికి బరంపురం ఎల్లాడు. ఏరు పెరిగిపోతంది. పడవలొచ్చి అందరినీ ఎక్కించుకున్నాయి. నానూ ఎక్కాను. వొదిన రానంది. 'మీ అన్న గీత ఉంది కదేటి, నీరు అటక అందుకోదు. ఈ బియ్యం తడిసిపోతే ఏటి తింటాం? నాను అటక మీద కూకుంటాను, నువ్వెల్లు,' అంది."

"నీరు అటక దాకా వచ్చిందా?" అన్నాను.

"రాలేదే! నాలుగు వేళ్లు కిందనే ఆగింది. అన్నయ్య గీత అబద్ధమాడలేదు. కింద గోడ నానిపోయింది. అటకా, వాసాలూ, వొదినా, అన్నీ ఒక్కసారే కూలిపోయాయి. నీరు తీసాక మేమిద్దరమే ముందొచ్చాం. పైకి లేసిన వాసానికి సిక్కుకున్న వొదిన సీర కొంగు పొడిగానే ఉంది మణీ."

పొడి కొంగు. ఆ మాట ఇప్పటికీ నన్ను వదలడం లేదు.

ఇటుకలతో మళ్లీ ఇల్లు లేపాక మాస్టారు పాత గీతలన్నీ కొత్త గోడ మీద గీశారట, ప్రతిదీ ఒక జానెడు ఎత్తు పెంచి. జేగురు కలిపిచ్చింది చిట్టత్తే. "ఇదేటన్నయ్యా అంటే, 'నిజం గీసి దాన్ని సంపీసాను సిట్టీ. ఈ జానెడు అబద్ధం నా మీద పడితే పడనీ,' అన్నాడు. మల్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు."

"గోడ కూలుతుందని చెబితే సరిపోయేది కదా!" అని అరిచేశాను. నిజంగానే అరిచాను.

"సెప్పలేదనుకున్నావేటి? ఇంటింటికీ తిరిగి సెప్పాడు. అందరూ మా గోడ గట్టిదే మాస్టారూ అన్నారు. ఎవడి గోడ మీద ఆడికి నమ్మకమే. నీరు అటకెక్కుద్దంటేనే కదిలారు."

ఆ తర్వాత రెండు నెలలు నాకు పని మీద మనసు నిలవలేదు. ఆయన మీద కోపం, ఆయన కోసం ఏడుపు, రెండూ ఒకేసారి వచ్చేవి. తప్పు కొలత రాస్తే మనిషి పోతాడన్నప్పుడు ఆ నోరు ఎలా పెగిలిందో అని ఆలోచించేదాన్ని. సరైన కొలతకి మనిషిని పోగొట్టుకుని కూడా పిల్లలకి సరైన కొలతే నేర్పారు. అబద్ధాన్ని తన ఒక్క గోడకే ఉంచుకున్నారు, మాకెవరికీ అంటనివ్వలేదు. నాకు మాత్రం దాన్ని అంటించి పోయారు. నిజం గీస్తే పార్వతి అత్తగారు అటకెక్కుతుంది. అబద్ధం గీస్తే నేను నేర్చుకున్న చదువు మంట్లో కలుస్తుంది.

ఆదివారం పొద్దున్నే పీట వేసుకుని ఎక్కాను. కొత్త గోడ తెల్లగా, నున్నగా ఉంది. కింద చిట్టత్త పీట కదలకుండా పట్టుకుంది, పార్వతి జేగురు గిన్నె పట్టుకుంది. దండపాణి గిడ్డంగిలోని పై బురద మరక మట్టాన్ని గొట్టంతో తెచ్చిచ్చాడు. అక్కడ పెన్సిలుతో చుక్క పెట్టాను. నీరు నిజంగా ఆగిన చోటు అది. అది నా కోసం. తర్వాత చుక్క మీద బొటనవేలు ఆనించి, చిటికెనవేలు పైకి చాచాను.

"అక్కా, నిజంగా అంతెత్తు వస్తాదా?" అంది పార్వతి కింద నుంచి. "మా అటక కూడా ములిగిపోద్దా?"

చిట్టత్త నా మొహంలోకి చూసింది.

"మునిగిపోతుంది," అన్నాను. "మీ అత్తగారిని ముందే బడికి చేర్చండి. మనిషి సాయం కావాలంటే నాకు ఫోన్ చెయ్యి."

కుంచె అందుకున్నాను. నా చెయ్యి చిన్నది. మాస్టారి జానెడంత రాలేదు. పైన ఇంకో రెండు వేళ్లు కలుపుకుని, గీత గీశాను.