తోళ్ల కార్ఖానా పక్క బావి

మొన్న మునిసిపాలిటీ మనిషి ఒకాయన మా గుమ్మం ముందు నిలబడి, మా వీధి మిల్లులూ దుకాణాల చెత్త ఎక్కడికి పోతుందో రాసుకోవడానికి వచ్చానంటూ, నేను నోరు తెరవకముందే అన్ని గళ్ళలోనూ ‘సంతృప్తికరం’ అని నింపేసుకున్నాడు. చీవాట్లు పెట్టి పంపాననుకోండి, కానీ రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నేను ఊరూరా తిరిగి చేసిన సర్వే గుర్తుకొచ్చి ఆ పూట నాకు అన్నం సయించలేదు.

అప్పుడే హైదరాబాదులో చదువు ముగించుకొని, లోకాన్ని ఉతికి ఆరేయగలననే పొగరుతో ఉన్న రోజులవి. పట్నం నుంచి వచ్చిన ప్రశ్నల కాగితాలు పట్టుకొని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు చుట్టుపక్కల బస్తీల్లో పారిశుద్ధ్యం చూసే కమిటీలను అడిగి రావడం నా పని. అద్దకపు నీళ్ళు, జిన్నింగు మిల్లు పొట్టు, తోళ్ల కార్ఖానా సున్నపు నీళ్ళు ఎక్కడ పారబోస్తున్నారు, మోసే బండ్లెన్ని, తాగే బావి ఎంత దూరం, ఇవీ ప్రశ్నలు. ఒంటరి ఆడపిల్లను పంపరు గనుక మా చిన్నాయన తోడు వచ్చేవాడు. ఆయనకు కమిటీవాళ్ళు ఇచ్చే చాయ్ బిస్కెట్ల మీద తప్ప దేనిమీదా పట్టింపు లేదు. ఇక ఆ పెద్దల సంగతి నా ఈడువాళ్ళకు నేను చెప్పాలా! షేర్వానీ గుండీలు మెడదాకా బిగించుకొని, ఊరి కంపు తమ ముక్కు దాకా వచ్చే సాహసం చేయదన్నట్టు కూర్చునేవాళ్ళు. ఏది అడిగినా ఒకటే జవాబు, “అంతా ఊరవతలికే పోతది” అని. ఊరవతల ఉన్నవాళ్ళు మనుషులు కారు కాబోలు.

అందులో ఒక బస్తీ పేరు మాత్రం చెప్పను, ఆ పెద్దమనిషి మనుమలు ఇంకా అక్కడే ఉన్నారు. కమిటీ అధ్యక్షుడూ ఆయనే, తోళ్ల కార్ఖానా యజమానీ ఆయనే. అంటే కంపు చేసేదీ, కంపు లేదని దస్తఖతు పెట్టేదీ ఒకే చెయ్యి. కమిటీ కూడేదీ ఆయన ఇంట్లోనే. ఘోషా ఇల్లు గనుక నన్ను పల్చటి పరదా వెనక, ఆయన భార్య పక్కన పీట వేసి కూర్చోబెట్టారు. బి.ఏ. చదివి గుడ్డకు ప్రశ్నలు వేయడం ఎంత గొప్ప ఉద్యోగమో చూడండి.

అంతకుముందే నాకు అన్నం పెడుతూ ఆమె చెప్పింది. “మేం తాగేటివి దూరపు బావి నీళ్ళు బిడ్డా, బండి మీద వస్తయి. కార్ఖానా పక్క బావిల తోళ్లు నానిన నీళ్ళు దిగుతున్నయి. వెనక వాడోళ్ళు గవే తాగుతుండ్రు, పోయిన ఎండకాలం ఇంటికొకరు మంచం పట్టిన్రు. రాసుకో. నేను చెప్పిన్నని మాత్రం అనకు, పుట్టింటికి తోలుతడు.”

రాశాను. కాగితం పరదా కిందనుంచి అవతలికి పోయింది. ఆయన చదువుకొని, గొంతులో తేనె పోసుకొని, “ఎవరు చెప్పిన్రమ్మా గీ ముచ్చట?” అన్నాడు.

“నా ముక్కు చెప్పింది.”

“ముక్కు దస్తఖతు పెడ్తదా?”

కమిటీ అంతా విరగబడి నవ్వింది, మా చిన్నాయనతో సహా. “జర ఊకో బిడ్డా, బస్సు పోతది” అని చిన్నాయన సన్నాయి నొక్కు.

నేను ఊరుకునే రకమా? ఆ బావి నీళ్ళు ఒక్క గ్లాసు మా ముందు తాగండి, ఆ వాక్యం నేనే కొట్టేస్తానన్నాను. ఆ పెద్దమనిషి దర్జాగా నౌకరు కుర్రాణ్ణి పిలిచి బావి నీళ్ళు తెమ్మన్నాడు. ఆ కుర్రాడు వాకిలి దాటలేదు. పరదా ఇవతలికి వచ్చి, మా ఇద్దరి కళ్ళముందే, ఆ ఇంటి మంచినీళ్ళ కుండ, రంజన్‌లో గ్లాసు ముంచుకొని పోయాడు. ఆయన గటగటా తాగి, మీసం తుడుచుకొని, “షర్బత్ లెక్కున్నయి” అన్నాడు. కమిటీ గుమాస్తా నా వాక్యం మీద కలం పెట్టబోయాడు.

“అవి మన రంజన్ నీళ్ళు” అంది నా పక్కనున్న మనిషి, పరదా అవతలికి వినబడేటట్టు.

గుమాస్తా కలం వెనక్కి తీసుకున్నాడు. ఆయన దస్తఖతు గీకి కాగితం విసిరేశాడు. గెలిచానని బస్సులో దారి పొడుగునా చిన్నాయనను సాధించాను.

పది రోజులకు, ఆ కాగితం మీద ముద్ర ఒకటి తక్కువైందని మళ్ళీ వెళ్ళాం. ఆయన కార్ఖానా ఆపలేదు, నీళ్ళు మళ్ళించలేదు, బావిని పూడ్పించాడు. అదీ మట్టితో కాదు, కార్ఖానాలో తోళ్లు పదును చేయడానికి వాడి పారేసిన తంగేడు చెక్కతో, తోళ్ల మీద గీకిన వెంట్రుకలతో. నా వాక్యం కొట్టించి ‘దగ్గరలో తాగే బావి లేదు’ అని రాయించాడు. అబద్ధమనడానికి వీల్లేదు గదా! వెనక వాడ ఆడవాళ్ళు మైలు దూరం నుంచి బిందెలు మోసుకుంటూ నా ముందునుంచే, నా వైపు చూడకుండా నడిచిపోయారు. ఆ ఇల్లాలు ఏదని అడిగితే పుట్టింటికి పోయిందన్నారు. ఎప్పుడొస్తుందని అడిగే ధైర్యం, ఇంత నోరున్న నాకు, లేకపోయింది.

ఇప్పుడు ఆ వాడకు నల్లాలొచ్చాయి, కార్ఖానా చోట సినిమా టాకీసు లేచింది, పరదాలు పోయి ఆడవాళ్ళు కమిటీల్లోనే కుర్చీలు వేసుకున్నారు. సంతోషమే. అయితే ఎవరైనా కాగితం పట్టుకొని వస్తే, అప్పుడు బిందెలు మోసిన ఆ వాడ ముసలమ్మలు ఇప్పటికీ, మాకేం తక్కువ లేదు, అంతా మంచిగనే ఉన్నదని చెప్పి తలుపు వేసుకుంటారట. పెద్దమనుషుల అబద్ధాలను ఇన్నేళ్ళుగా తిట్టిపోస్తున్న నా నోరు, ఆ ఒక్క అబద్ధం ముందు మాత్రం లేవదు.