ఆడేవాళ్లకే ఇచ్చే గోళీల మిషన్

మొన్న మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చబోతుంటే హైదరాబాదులో ఉండే మా చెల్లెలి కొడుకు ఫోనులో ఒక ఫొటో పంపించాడు. వాడికి పాత సామాన్ల పిచ్చి. పాత గడియారాలూ రేడియోలూ ఫోనులోనే చూసి ముఖం తెలియని వాళ్ల దగ్గర కొంటాడు, కొన్నాళ్లు ముచ్చట తీరాక ముఖం తెలియని వాళ్లకే అమ్మేస్తాడు. ఈసారి వాడి కంట పడింది ఒక పిన్‌బాల్ మిషన్. "పెద్దమ్మా, మీ భద్రాచలం ఇంట్ల ఉండేదని అమ్మ చెప్పే మిషను గిట్లాంటిదేనా?" అని అడిగాడు. అవునని చెప్పి ఫోను పక్కన పెట్టాను గానీ ఆ పూట ఇక కన్ను మూతపడలేదు.

అప్పట్లో నేను భద్రాచలం టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరును. దూరపు ఊళ్లకు ట్రంకు కాల్ బుక్ చేసి గంటలకొద్దీ ఎదురుచూసిన నా ఈడు వాళ్లకు ఆ బోర్డూ, ఆ తీగలూ, ఒక బొక్కలోంచి తీసి ఇంకో బొక్కలో పెట్టే ఆ హడావుడీ వేరే చెప్పనక్కర్లేదు. మావారు గోదావరికి అవతల కాగితం మిల్లులో ఎలక్ట్రీషియను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను ట్రైనింగుకని సికింద్రాబాదు పంపించారు. అక్కడ ఒక ఆదివారం తోటి ఆడపిల్లలతో ఎగ్జిబిషనుకు వెళ్లినప్పుడు మొదటిసారి ఈ మిషన్ చూశాను.

చూడనివాళ్ల కోసం చెబుతాను. కొంచెం వాలుగా నిలబెట్టిన పొడవాటి పెట్టె, పైన అద్దం. ముందున్న స్ప్రింగు పిడిని లాగి వదిలితే ఒక ఉక్కు గోళీ పైకి దూసుకుపోయి, అక్కడున్న గుండ్రటి బొడిపెలకు తగిలి అటూ ఇటూ ఎగురుతూ కిందికి దిగుతుంది. తగిలినప్పుడల్లా గంట మోగుతుంది, దీపం వెలుగుతుంది, వెనకున్న నిలువు పలక మీద అంకెలు తిరుగుతాయి. అడుగున రెండు చిన్న రెక్కలుంటాయి. పెట్టెకు రెండు పక్కలా ఉన్న మీటలు నొక్కితే ఆ రెక్కలు గోళీని మళ్లీ పైకి తంతాయి. రెక్కల నడుమ నుంచి గోళీ జారిపోకుండా కాచుకోవడమే ఆట. తోటివాళ్లు జెయింట్ వీల్ ఎక్కి దిగి, బజ్జీలు తిని వచ్చేదాకా నేను అక్కడే నిలబడ్డాను. పెళ్లయ్యాక ఈ సంగతి మావారికి చెబితే, నగలు అడగాల్సిన ఆడమనిషి గోళీల పెట్టె అడుగుతోందని ఆయన చాలా రోజులు నవ్వారు.

ఆపరేటర్లకు ఒక లోకం ఉండేది. ముఖాలు తెలియవు, గొంతులే తెలుసు. లైను ఖాళీగా ఉన్నప్పుడు పిల్లల జ్వరాల నుంచి చింతకాయ పచ్చడి దాకా అన్నీ మాట్లాడుకునేవాళ్లం. వరంగల్ ఎక్స్‌ఛేంజిలో అలాంటి స్నేహితురాలు ఒకామె ఉండేది, ఆమె ఇల్లు కాజీపేటలో. ఒకరోజు నా ఎగ్జిబిషను కథ విని, "నీకు నచ్చిన పెట్టె మా వాడకట్టుల ఉన్నదే. రిటైరైన రైలు డ్రైవరు తాత ఇంట్ల రెండున్నయ్. కొంటడు, బాగుచేస్తడు, ఆడుకుంటడు, మళ్ల ఇంకొకరికి ఇస్తడు. కాని అడిగినోళ్లందరికీ ఇయ్యడు" అంది.

సెలవు పెట్టి మావారూ నేనూ కాజీపేట వెళ్లాం. ఆ తాత ఇంటి ముందు గదిలో రెండు మిషన్లు పక్కపక్కనే నిలబడి ఉన్నాయి, మూతబడిన క్లబ్బుల్లోంచి తెచ్చుకున్నవట. సికింద్రాబాదులో ఒక టైలరూ, విజయవాడలో ఒక డాక్టరూ, ఈయనా తమలో తాము వాటిని మార్చుకుంటూ, అమ్ముకుంటూ ఉండేవాళ్లు. ఆయన మాకు టీ ఇప్పించి, మావారిని మిషన్ దగ్గరికి పిలిచి ఆడమన్నాడు.

"ఆడేది నేను కాదు. ఆమె" అన్నారు మావారు.

పెద్దాయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. పిడి లాగి వదిలాను. బోర్డు మీద ఏళ్ల తరబడి పనిచేసిన చేతులు కదా, కాసేపట్లోనే రెక్కల లయ అందింది. గంటలు మోగుతున్నాయి, అంకెలు తిరుగుతున్నాయి, ఆయన కుర్చీ జరుపుకుని నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. గోళీ జారిపోయాక వెళ్లి రెండో మిషన్ మీది దుప్పటి తీశాడు. మొదటిదానికంటే అది ఎంతో బాగుంది, అద్దం మీద సముద్రం, పడవలు, ఎగిరే చేపలు.

"అమ్ముదామనుకున్నది అది. నీకు మాత్రం ఇది ఇస్త బిడ్డా" అన్నాడు. "ఒక్క మాట. ఇంట్ల షోకుకు పెట్టుకోవద్దు, ఆడాలె. ఇగ వద్దనుకున్ననాడు తుక్కోళ్లకు ఎయ్యకు. ఆడేటోళ్లను చూసి ఇయ్యి. నాకు చెప్పు."

సరేనన్నాను. ఆ మాట ముందుముందు మమ్మల్ని ఎంత ఇబ్బంది పెడుతుందో అప్పుడు తెలియదు.

మిల్లుకు సామాను తెచ్చే లారీలో, మిషన్ కాళ్లు విప్పి, బొంతలు చుట్టి, ఇల్లెందు మీదుగా ఇంటికి చేర్చాం. దించుతుంటే మా అత్తయ్య గుమ్మంలో నిలబడి, "ఏందిది, గింత పెట్టెల ఏం దాస్తరు?" అంది. దాచడానికి కాదు, ఆడడానికని చెప్పాం. నెల తిరక్కుండా నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆవిడే మిషన్ ముందు నిలబడి, కొంగు నడుముకు దోపుకుని, గోళీని తిడుతూ ఆడుతుండేది. సాయంత్రాలు మా ఊళ్లో కరెంటు వోల్టేజి పడిపోయి రెక్కలు నీరసంగా లేచేవి. రబ్బరు పట్టీలు తెగితే మావారు సైకిలు ట్యూబు కోసి తొడిగేవారు. అప్పటికీ లొంగకపోతే కాజీపేటకు ఫోను చేస్తే తాత ఒక్కో తీగ గురించీ ఓపిగ్గా చెప్పేవాడు.

ఎదురింట్లో ఒక రిటైరైన హెడ్మాస్టరుండేవారు. ఆ గంటల మోత ఆయనకు అసలు పడేది కాదు. మూడుసార్లు మా ఇంటికి వచ్చి చెప్పారు, నాలుగోసారి ఇంటి ఓనరుకు చెప్పారు. మేం గంటల మీద గుడ్డ కట్టి ఆడేవాళ్లం.

ఆ ఏడు వానాకాలంలో గోదావరి పెద్దగా వచ్చింది. పొద్దున రేవు మెట్లు మునిగాయన్నారు, మధ్యాహ్నానికి మా వీధి చివరికి నీళ్లు వచ్చేశాయి. మావారు మిల్లులో చిక్కుకుపోయారు, వంతెన దాటనివ్వడం లేదు. అత్తయ్యా నేనూ బియ్యం, బట్టలు మూటలు కట్టుకుంటున్నాం. మిషన్ వైపు చూడడానికి కూడా నాకు మనసొప్పలేదు, ఆ బరువు మా ఇద్దరికీ కదిలేది కాదు. అప్పుడు మోకాలి దాకా లుంగీ ఎగగట్టుకుని హెడ్మాస్టరుగారు ఇద్దరు కొడుకులతో లోపలికి వచ్చారు.

"మూటలు తర్వాత. ముందు గా గంటల పెట్టె పట్టుండ్రి. జల్దీ" అన్నారు కొడుకులతో.

వాళ్ల మేడ మీది గదికి దాన్ని ఎలా ఎక్కించారో ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆ గదిలో మాతోపాటు ఇంకో రెండు కుటుంబాలు తలదాచుకున్నాయి. కరెంటు లేదు, కిటికీలోంచి చూస్తే వీధంతా ఎర్రనీళ్లు. పిల్లలు బిక్కుబిక్కుమంటుంటే హెడ్మాస్టరుగారే పెట్టె మీది అద్దం తీయించి, గోళీని చేత్తో పైనుంచి వదిలి, అది ఏ బొడిపెకు తగిలితే ఆ గంట మోతను తన నోటితో చేసి వినిపించారు. అంతమంది అంత భయంలో నవ్వడం నేను మళ్లీ చూడలేదు. వరద తగ్గి, మా ఇంట్లో బురద కడుక్కున్నాక, గంటలకు కట్టిన గుడ్డ ఆయనే విప్పించారు.

కొన్నేళ్లకు నాకు ఖమ్మం బదిలీ అయింది. అక్కడ దొరికింది ఇరుకైన కిరాయి వాటా. మిషన్ అమ్మక తప్పదు. ఒక హోటలాయన వచ్చి, అడిగినంత ఇస్తాను, బల్లల పక్కన పెట్టుకుంటే గిరాకీ పెరుగుతుందన్నాడు. "మీరు ఆడతారా?" అంటే, "నాకెందుకమ్మా ఆట, గిరాకీ సూసుకోవాలె గద" అన్నాడు. ఇవ్వలేకపోయాను. సామాను సర్దడం అయిపోతోంది, మావారి ముఖంలో విసుగు కనిపిస్తోంది, మా అత్తయ్య మాత్రం నా వైపే ఉంది.

అప్పుడొచ్చాడు, మేం మిషన్ అమ్ముతున్నామని విని, చర్ల నుంచి ఒక మాస్టరు. కోయ కుటుంబంలో పుట్టి, అక్కడి ఆశ్రమ పాఠశాలలో సైన్సు చెప్పేవాడు. చెడిపోయిన రేడియోలు కొని బాగుచేసి మళ్లీ అమ్మడం ఆయన సరదా. రోడ్లు బాగాలేక బస్సు ఆలస్యమై, ఎండలో చెమటలు కక్కుతూ వచ్చాడు. మొదటి గోళీ చూస్తుండగానే జారిపోయింది. "అరె, మోసం చేసింది" అని నవ్వి మళ్లీ పిడి లాగాడు. అత్తయ్య పక్కన నిలబడి ఎప్పుడు నొక్కాలో చెబుతుంటే శ్రద్ధగా విన్నాడు. మధ్యాహ్నం మా ఇంట్లోనే అన్నం తిన్నాడు. చేయి కడుక్కుని మళ్లీ మిషన్ దగ్గరికే వెళ్లాడు. చివరి బస్సు వేళ దాకా ఆడి, అప్పుడు గానీ ధర మాట ఎత్తలేదు.

కాజీపేటకు ఫోను చేశాను.

"ఆడేటోడేనా?" అన్నాడు తాత.

"అవ్ తాతా. బస్సు పోతదన్నా కదుల్తలేడు."

"ఇయ్యి మరి."

తర్వాత మాస్టరు పంపిన లారీలోకి మిషన్ ఎక్కిస్తుంటే అత్తయ్య దాని పిడి ఒకసారి లాగి వదిలింది. ఆ తర్వాత చాలాకాలం మాస్టరు ఖమ్మం వచ్చినప్పుడల్లా మా ఇంటికి వచ్చి, చర్లలో ఎవరెవరు ఎంతెంత ఆడుతున్నారో చెప్పి, అడవి తేనె ఇచ్చి వెళ్లేవాడు. కొన్నాళ్లకు ఆయనా దాన్ని రాజమండ్రిలో ఎవరికో ఇచ్చాడు, మమ్మల్ని అడిగి, మేం తాతను అడిగి, ఆయన సరేనన్నాకే. అటు తర్వాత తాత పోయాడు, ఎక్స్‌ఛేంజిల్లో బోర్డులు పోయి ఆటోమేటిక్‌ వచ్చింది, వరంగల్ స్నేహితురాలి గొంతు వినబడడం మానేసింది.

ఇవాళ వస్తువు ఇంటి గుమ్మంలోకి వచ్చి పడుతుంది. అందులో సుఖముంది, నేనూ అలాగే కొంటున్నాను. అయినా ఒక పాత వస్తువు కోసం ఒకరి గడప ఎక్కి, వాళ్ల టీ తాగి, వాళ్ల కళ్ల ముందు ఆడి చూపించి, నీకైతే ఇస్తానని అనిపించుకోవడంలో ఉన్న గర్వం నా వయసు వాళ్లకు తెలుసు. కొన్నవాడు అన్నం తిని బస్సెక్కాక, జాగ్రత్తగా చేరాడో లేదోనని అమ్మిన ఇల్లు ఎదురుచూసేది. ఇప్పుడు ఎవరైనా అలా ఎదురుచూస్తారో లేదో నాకు తెలియదు.